యానాంలో ఫ్రెంచివాళ్ల ఆనవాళ్లు, కర్నూలు కోట ముందు ఫ్రెంచి సేనాని బూసీ: పోస్టర్ల ప్రదర్శనకు సలహాలు కావాలి

హంద్రీగట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. కర్నూలులో డిగ్రీ పిల్లలతో ఒక పోస్టర్ల ప్రదర్శన పెడుతున్నాము. విషయం: తెలుగు నేల మీద ఫ్రెంచివాళ్లు. మొత్తం 12 పోస్టర్లు, ఒక్కోటి మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు. నాలుగు మన కర్నూలు, కడప వైపు సంగతులు, మిగతా ఎనిమిది యానాం. అచ్చుకు ఇచ్చే ముందు 24 మందిని యానాం తీసుకుపోవాల. అక్కడ ఉండేది ఒక్క పగలు మాత్రమే.

తేలాల్సినవి ఇవి. కొండారెడ్డి బురుజు ఫ్రెంచివాళ్లు బాగు చేయించినారని ఊర్లో కొందరంటారు, నిజమేనా? బొబ్బిలి యుద్ధంలో సాయం చేసినందుకు యానాంను ఉత్తరాంధ్ర విజయనగరం రాజు బూసీకి బహుమానంగా ఇచ్చినాడనే మాట ఎంతవరకు నమ్మొచ్చు? పాండిచ్చేరి మాదిరి పసుపు గోడల వీధులు యానాంలో ఉండాయా? ఇంకోటి, పోస్టర్లు చదివే ఓపిక అందరికీ ఉండదు. చేత్తో ముట్టుకుని చూసేది ఏదైనా ఒకటి పెట్టాలని ఉంది. ఏం పెట్టొచ్చు?

పాతకోట (కర్నూలు)

మొదటిదానికి జవాబు: లేదు. బురుజు విజయనగర సామ్రాజ్య కాలం నాటిది, అచ్యుతదేవరాయల పేరుతో ముడిపడింది. అలంపురం కొండారెడ్డిని అందులో బంధించినారని ఆ పేరు వచ్చింది. ఫ్రెంచివాళ్లు దాన్ని కట్టలేదు, బాగు చేయలేదు. వాళ్లు కర్నూలుకు వచ్చింది కొట్టడానికి.

జరిగింది వరుసగా రాస్తున్నా, మీ మొదటి రెండు పోస్టర్లకు ఇదే సరుకు. 1748లో హైదరాబాదు ఏలిక నిజాం ఉల్ ముల్క్ చనిపోయినాడు. కొడుకు నాసిర్ జంగ్, కూతురి కొడుకు ముజఫర్ జంగ్ పీఠం కోసం కొట్టుకున్నారు. పాండిచ్చేరి గవర్నరు డూప్లే ముజఫర్ జంగ్ పక్షం. కర్నూలు, కడప, సావనూరు పఠాన్ నవాబులు ముగ్గురూ నాసిర్ జంగ్ సైన్యంలోనే ఉంటూ డూప్లేతో లోపాయికారీగా మాట్లాడుకున్నారు. 1750 డిసెంబరులో తమిళ సీమలోని జింజీ కోట దగ్గర నాసిర్ జంగ్ హతమైనాడు. చంపింది మన కర్నూలు నవాబు హిమ్మత్ ఖాన్.

తరువాత ముజఫర్ జంగ్‌ను హైదరాబాదుకు తీసుకుపోవడానికి బూసీ బయలుదేరినాడు. వెంట సుమారు 300 మంది ఫ్రెంచి సైనికులు, 2,000 మంది సిపాయిలు. కడప సీమలోకి వచ్చేసరికి నవాబులకూ ముజఫర్ జంగ్‌కూ పంపకాల్లో చెడింది. 1751 ఫిబ్రవరిలో జరిగిన కొట్లాటలో ముజఫర్ జంగ్ పోయినాడు, కర్నూలు నవాబు పోయినాడు, సావనూరు నవాబూ పోయినాడు. బూసీ అక్కడికక్కడే, శిబిరంలో బందీగా ఉన్న నాసిర్ జంగ్ తమ్ముడు సలాబత్ జంగ్‌ను పీఠం ఎక్కించినాడు. ఆ సైన్యమే మార్చిలో కర్నూలు మీదికి వచ్చి కోట పట్టుకుంది. తుంగభద్ర, హంద్రీ కలిసే మూలలో ఉన్న కోట అది.

కాబట్టి పోస్టర్ మీద ‘కర్నూలులో ఫ్రెంచి వారసత్వం’ అని రాయొద్దు. వాళ్లు ఇక్కడ ఉన్నది కొన్నాళ్లే. కట్టిందేమీ లేదు.

దేవునిగడప (కడప)

పాతకోట అన్నా, ‘చంపింది హిమ్మత్ ఖాన్’ అని అంత ఖాయంగా రాస్తే ఎట్ల? నిజాం వైపు కథనాల్లో కర్నూలు నవాబు. ఇంగ్లీషువాళ్ల కథనాల్లో మాత్రం కడప నవాబు తుపాకీ పేల్చినట్టు ఉంది. పోస్టర్‌లో ‘పఠాన్ నవాబుల చేతిలో’ అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇంకోటి, ‘కడప సీమలోకి వచ్చేసరికి’ అని తేల్చేసినారు, చోటు పేరు ఉంది. రాయచోటి వైపు లక్కిరెడ్డిపల్లె. ఇదే ముజఫర్ జంగ్ 1750లో ఫ్రెంచివాళ్లకు యానాం మీద ఫర్మానా ఇచ్చినవాడు. యానాం కాగితం రాసిచ్చిన మనిషి ఆ మరుసటి ఏడే మా కడప మట్టిలో పడిపోయినాడు. మీ సీమ పోస్టర్లకూ యానాం పోస్టర్లకూ నడుమ ముడి ఇదే. మూడో పోస్టర్ దీనికే కేటాయించండి.

పాతకోట (కర్నూలు)

ఒప్పుకుంటున్నా. ‘పఠాన్ నవాబుల చేతిలో’ అనే పెట్టండి.

హంద్రీగట్టు (కర్నూలు)

ధన్యవాదాలు ఇద్దరికీ. తేదీల దగ్గర తిక్కగా ఉంది. నాసిర్ జంగ్ చనిపోయింది ఒక చోట డిసెంబరు 5 అని, ఇంకో చోట డిసెంబరు 16 అని ఉండాది. ఏది తప్పు?

తేదీలపిచ్చోడు (నంద్యాల)

రెండూ ఒప్పే. ఇంగ్లాండు 1752 సెప్టెంబరు దాకా పాత జూలియన్ క్యాలెండరే వాడింది. ఫ్రాన్సు అంతకు చాలా ముందే గ్రెగోరియన్‌కు మారిపోయింది. 18వ శతాబ్దంలో ఆ రెంటికీ తేడా 11 రోజులు. ఇంగ్లీషువాడు డిసెంబరు 5 అని రాసుకున్న రోజే ఫ్రెంచివాడి డైరీలో డిసెంబరు 16.

1752 ముందు జరిగిన ప్రతి తేదీకీ ఈ తిప్పలు తప్పవు. ఒకే పోస్టర్ మీద ఒక తేదీ ఇంగ్లీషు కాగితం నుంచి, ఇంకోటి ఫ్రెంచి కాగితం నుంచి తెస్తే సైన్యం బయలుదేరక ముందే చేరినట్టు లెక్క వస్తాది. అన్నీ గ్రెగోరియన్‌లోకి మార్చి, కింద మూలలో ఒక్క లైను వేయండి: ‘తేదీలన్నీ నేటి క్యాలెండరు ప్రకారం’. లేదంటే నెల, సంవత్సరంతో సరిపెట్టుకోండి, అదే మేలు.

గౌతమిపాయ (అనంతపురం, సొంతూరు కోనసీమ)

యానాం సంగతి నేను చెబుతానండి. ముందు ఆ బహుమానం కథ. బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో. ఫ్రెంచివాళ్లు యానాంలో మొదట వర్తక స్థావరం పెట్టింది 1723లో. గిట్టుబాటు కాక 1727లో మూసేశారు, 1731లో మళ్లీ తెరిచారు. బొబ్బిలి నాటికే అది పాతికేళ్ల ఫ్రెంచి ఊరు. ఇంక బహుమానం ఎక్కడిది? ఆ మాట జనంలో ఎందుకు నిలబడిందంటే బొబ్బిలి కథ పాడేవాళ్ల నోట బూసీ పేరు నిలిచిపోయింది కాబట్టి. యానాంలో బూసీ పేరుతో వీధి కూడా ఉంది. ‘పరాసులు’ అనే పాత తెలుగు మాట ఫ్రెంచివాళ్లకే. ఈ మాట పోస్టర్ శీర్షికలో వాడుకోండి, బాగుంటుంది.

1753లో సలాబత్ జంగ్ శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ సర్కార్లు (అప్పటి జిల్లాలు) నాలుగూ బూసీ సైన్యం ఖర్చుకు ఇచ్చేశాడు. అంటే కోస్తా చాలా భాగం ఫ్రెంచి చేతిలోనే. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడారు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పోయింది. మిగిలింది యానాం ముక్క. దాన్ని కూడా యుద్ధం వచ్చినప్పుడల్లా ఇంగ్లీషువాళ్లు లాక్కోవడం, సంధి కుదిరితే తిరిగివ్వడం. 1793లో లాక్కున్నదాన్ని 1814 పారిస్ సంధి తరువాతే వెనక్కిచ్చారు.

ఇక పసుపు గోడలు. ఉండవండి. ఈ ఆశతో వెళ్లినవాళ్లే ‘యానాంలో ఏమీ లేదు’ అని తిరిగొస్తారు. పాండిచ్చేరి రాజధాని, గళ్ల వీధులు వేసి కట్టిన ఊరు. యానాం గౌతమి నుంచి కోరింగ పాయ చీలే చోట ఉన్న రేవు స్థావరం. ఇటుక కట్టడాలు కొన్నే. పైగా ఆ తీరాన్ని 1787లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి తుపాను ఉప్పెన తుడిచిపెట్టేసింది. 1839 దెబ్బకు పక్కనున్న కోరంగి రేవు మళ్లీ కోలుకోలేదు. ఇప్పుడు కనిపించే పాతవాటిలో ముఖ్యమైన సెయింట్ ఆన్స్ చర్చి ఆ తుపాను తరువాతిది, 1846లో పూర్తయింది.

హంద్రీగట్టు (కర్నూలు)

గోడలు లేకపోతే పిల్లలకు ఏం చూపించాల సార్?

గౌతమిపాయ (అనంతపురం)

సరిహద్దు చూపించండి. నేను సరదాకు అనడం లేదు. తాళ్లరేవు దాటాక రోడ్డు పక్క బండ్ల నంబరు ప్లేట్లు చూడమనండి. ‘పీవై 04’ కనపడటం మొదలైతే యానాం వచ్చినట్టు. నుడి అదే, చీరకట్టు అదే, కూర అదే, ప్రభుత్వం వేరు. 2011 లెక్కల్లో జనాభా 55,626. అంత చిన్న ఊరు పాండిచ్చేరి కింద ఉంది, ఆ పాండిచ్చేరి 800 కిలోమీటర్ల పైన దూరం. ఫ్రెంచి వారసత్వమంటే యానాంలో మొట్టమొదట ఇదే.

ఒక్క పగలైతే ఇలా చేయండి. ఉదయం ఏడింటికి ఫెర్రీ రోడ్డులో గోదారి గట్టు. వర్తక స్థావరం ఇక్కడే ఎందుకు పెట్టారో నదిని చూస్తేనే తెలుస్తుంది, అరగంట నిలబెట్టి పాయ ఎటు చీలిందో పటం గీయించండి. ఎనిమిదిన్నరకు చర్చి. ఆదివారం వద్దు, పూజలుంటాయి, 24 మందిని లోపలికి పంపడం బాగోదు. తరువాత మీసాల వెంకన్న గుడి. మీసాలున్న వేంకటేశ్వరుడు, పిల్లలు మరిచిపోరు. గుడి మధ్యాహ్నం మూసేస్తారు, అందుకే పదకొండు లోపు ముగించాలి. పరిపాలనాధికారి కార్యాలయం వైపు వెళితే బయట నుంచి చూడటమే, ఫొటోకు ముందు అడగండి.

వీలైతే మంగళవారం వెళ్లండి. వారపు సంత ఆ రోజే, ఫ్రెంచి కాలం నుంచి నడుస్తున్న సంత. బ్రిటిషు సీమ జనం ఫ్రెంచి సరుకు కోసం యానాం వచ్చేవారు. సుంకాల తేడా వల్ల బతికిన ఊరు కదా. మధ్యాహ్నం భోజనం అయ్యాక కాకినాడ దారిలోనే కోరింగ మడ అడవి. అక్కడి చెక్క బాట మీద నడిస్తే ఈ తీరాన్ని ఉప్పెన ఎందుకు ముంచుతుందో అర్థమవుతుంది.

వెళ్లే నెల: డిసెంబరు నుంచి ఫిబ్రవరి. అక్టోబరు, నవంబరు తుపాన్లు. ఏప్రిల్, మే అసలే వద్దు. కర్నూలు 42 డిగ్రీల పొడి ఎండకు అలవాటైనవాళ్లు కూడా అక్కడి 37 డిగ్రీల ఉక్కకు కూలబడతారు, చెమట ఆరదు.

డోన్‌జంక్షన్

రైలు మాట ఎవరూ చెప్పలేదు. కర్నూలు నుంచి నంద్యాల పోయి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. అనంతపురం, గుంతకల్లు మీదుగా వచ్చి గుంటూరు, విజయవాడ, సామర్లకోట పోతాది. సామర్లకోటలో దిగితే కాకినాడ, అక్కడి నుంచి యానాం 30 కిలోమీటర్ల లోపే, 216 జాతీయ రహదారి మీద. కడప వాళ్లయితే తిరుమల ఎక్స్‌ప్రెస్, అదీ సామర్లకోటలో ఆగుతాది. 24 మంది పిల్లలు, పెద్దలు ముగ్గురు అంటే 27 బెర్తులు. నెల ముందు చూసుకోకపోతే ఒక్కొక్కరు ఒక్కో బోగీలో పడతారు.

బస్సు డ్రైవరుకు ముందే చెప్పిపెట్టండి, యానాంలో మందు చవక అని సీసాలు పెట్టుకుని వెనక్కి రావద్దని. ఆంధ్రాలోకి తెస్తే కేసు, పిల్లలతో సహా బండి చెక్‌పోస్టులో నిలిచిపోతాది.

తుంగభద్రమ్మ (కర్నూలు)

యానాంకు ‘కళ్యాణపురం’ అనే పేరు ఉండేది కదా, అది పోస్టర్లలో ఉందా? ఎనిమిదిలో ఒకటి దానికి ఇయ్యండి.

దేవునిగడప (కడప)

బాల్యవివాహాల సంగతి అక్కా అది. కాలేజీలో పెడితే ‘మన పరువు మనమే తీసుకుంటున్నాం’ అంటారేమో.

తుంగభద్రమ్మ (కర్నూలు)

పరువు సంగతి తరువాత, చట్టం సంగతి ముందు. శారదా చట్టం 1929లో చేసినారు, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడపిల్లకు 14, మగపిల్లవానికి 18 నిండాల. అది బ్రిటిషు ఇండియా చట్టం. యానాం ఫ్రాన్సుది, అక్కడ చెల్లదు. అందుకని చుట్టుపక్కల జిల్లాల వాళ్లు పిల్లల్ని బండ్లలో ఎక్కించుకుని యానాం పోయి పెళ్లిళ్లు చేసుకొచ్చినారు. ఫ్రెంచి వారసత్వం అంటే చర్చీలు, రొట్టెలు, ముచ్చటైన కిటికీలు అని అనుకునేవాళ్లకు ఇది చూపించాల. సరిహద్దు గీత ఒక ఎనిమిదేళ్ల పిల్ల బతుకులో ఏం చేసిందో ఇంతకంటే తేటగా చెప్పే సంగతి లేదు. డిగ్రీ చదివే ఆడపిల్లలు దీన్ని చదవకపోతే ఇంకెవరు చదవాల?

పోస్టర్‌లో కథలు వద్దు. ఎడమ పక్క బ్రిటిషు ఇండియా నియమం, కుడి పక్క ‘యానాం: ఈ చట్టం వర్తించదు’, నడుమ నిలువు గీత. అంతే.

దేవునిగడప (కడప)

సరే అక్కా, నడుమ గీత ఆలోచన బాగుంది.

గౌతమిపాయ (అనంతపురం)

ఇంకో చీకటి పోస్టర్ కూడా ఉండాలండి. 1828లో యానాం రేవు నుంచి తెలుగు కూలీలను బూర్బన్ దీవికి, అంటే నేటి రెయూనియన్‌కు, చెరకు తోటల పనికి ఓడలో పంపారు. మొదటి జట్టులో పదిహేను మంది. హిందూ మహాసముద్రంలోని ఆ దీవికి ఒప్పందపు కూలీల వలస మొదలైనదే వీళ్లతో. పోస్టర్‌కు పటం చాలు: గౌతమి నోరు, దీవి, రెంటికీ నడుమ ఒక గీత.

కాగితాలగది (అనంతపురం)

ఫ్రెంచి వారసత్వం గోడల్లో కంటే కాగితాల్లో ఎక్కువ మిగిలింది. ప్రదర్శనలో ఒక పోస్టర్ దీనికి పెడితే పిల్లలు ఇంటి నుంచే వెతుక్కోవచ్చు. ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ అనే ఊర్లో సముద్రాంతర ప్రాంతాల జాతీయ ఆర్కైవ్స్ ఉంది. దాని వెబ్‌సైటులో ఫ్రెంచి ఇండియా జనన, వివాహ, మరణ రిజిస్టర్ల బొమ్మలు ఉంటాయి, చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు. ముందు ప్రాంతం ‘ఇండియా’ ఎంచుకోవాల, తరువాత ఊరు, తరువాత సంవత్సరం. ఊరి పేరు ఫ్రెంచి వర్ణక్రమంలో కొట్టాల: వై, ఏ, ఎన్, ఏ, ఓ, ఎన్. పలికేది ‘యానాఓఁ’. ఇంగ్లీషులో కొడితే దొరకదు, ఉన్నా లేదనుకుని వచ్చేస్తారు.

మనిషి పేరుతో నేరుగా వెతకలేం, పుట తిప్పాల్సిందే. దానికో అడ్డదారి ఉంది. ఫ్రెంచి పద్ధతిలో పదేళ్లకొకసారి అక్షర క్రమంలో పేర్ల పట్టీ రాస్తారు. అది ఉన్న చోట ముందు అందులో పేరు, తేదీ పట్టుకుని తరువాత ఆ ఏటి రిజిస్టరుకు పోవాల. లేకుంటే ఏటి చివర పుటల్లో పట్టీ ఉందేమో చూడాల.

మనవాళ్లు బోల్తా పడేది పేర్ల దగ్గర. తెలుగు పేరును ఫ్రెంచి గుమాస్తా తన చెవికి వినపడినట్టు రాసుకున్నాడు. మన ‘ఉ’ వాడికి ఓ, యు అనే రెండక్షరాలు. ‘జ’ డి, జె. ‘చ’ టి, సి, హెచ్. కాబట్టి రాజు అనే పేరు ఆర్, ఏ, డి, జె, ఓ, యు అని ఉంటాది. చిన్న అనే పేరు ‘సి’ కింద కాదు ‘టి’ కింద వెతకాల. దీనికంటే మోసం చేసేది సి, హెచ్ జంట. ఇంగ్లీషు చదువుకున్న మనం దాన్ని ‘చ’ అని చదువుతాం, ఫ్రెంచిలో అది ‘ష’. అట్ల శంకరయ్య కాస్తా చంకరయ్య అవుతాడు, వంశవృక్షంలో లేనిపోని మనిషి పుట్టుకొస్తాడు.

నెలల దగ్గర ఇంకో ఉచ్చు. పాత రాతలో సెప్టెంబరుకు 7 అంకె వేసి పక్కన చిన్న తోక రాస్తారు, అక్టోబరుకు 8, నవంబరుకు 9, డిసెంబరుకు రోమన్ పది. ఇది లాటిన్ లెక్క. 7 చూసి జూలై అనుకుంటే రెండు నెలల తేడా వస్తాది. తేదీలు, వయసులు చాలావరకు అక్షరాల్లో ఉంటాయి గనుక ఫ్రెంచిలో ఒకటి నుంచి నూరు దాకా రాత ముందు నేర్చుకుంటే సగం పని అయినట్టే. చేతిరాత అర్థం కాకపోతే ఒకే గుమాస్తా రాసిన నాలుగైదు పుటలు పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి రెండు లైన్లు ప్రతి దాంట్లో ఒకే మాటలు, వాటితో వాడి అక్షరాలు పట్టుబడతాయి.

1881 సెప్టెంబరు 21 డిక్రీ (ఫ్రెంచి సర్కారు ఉత్తర్వు) గురించి కూడా రాయండి. దాని కింద ఇష్టమైనవాళ్లు తమ మత, కుల ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి పౌర చట్టం కిందికి పోవచ్చు, అప్పుడు ఒక ఇంటిపేరు ఎంచుకోవాల. మనకు ఇంటిపేరు ముందు, వాళ్లకు వెనక. అందుకని ఆ తరువాతి రిజిస్టర్లలో ఒకే కుటుంబం రెండు రకాలుగా కనిపించొచ్చు.

హంద్రీగట్టు (కర్నూలు)

శంకరయ్య, చంకరయ్య పోస్టర్ అయిపోయింది. ధన్యవాదాలు. ముట్టుకునే వస్తువు సంగతి ఎవరూ ఎత్తలేదు.

సున్నపుబట్టీ (బేతంచెర్ల)

సున్నపు గార పలక పెట్టండి. అటు ఫ్రెంచి కట్టడాలూ ఇటు మన కోటలూ సిమెంటు రాకముందు సున్నంతోనే నిలబడినాయి, పైగా సున్నపురాయి మన జిల్లా సరుకు.

రెండడుగుల చదరం పలక చాలు. వెనక ఇటుక వరుస ఉంటే మంచిది, ప్లైవుడ్ మీద గార నిలవదు. ముందు గడ్డ సున్నం రెండు కిలోలు తెచ్చుకోండి. ఇనుప బకెట్‌లో ఆరు లీటర్ల నీళ్లు పోసి సున్నాన్ని కొంచెం కొంచెంగా నీళ్లలో వేయాల. సున్నం మీద నీళ్లు పోయొద్దు, చిమ్ముతాది. కళ్లద్దాలు, చేతులకు తొడుగులు లేకుండా పిల్లల్ని దగ్గరికి రానియ్యొద్దు. ప్లాస్టిక్ బకెట్ వేడికి కరిగిపోతాది. చల్లారినాక సన్న జల్లెడలో వడకట్టి, పైన రెండు వేళ్ల నీళ్లు నిలిచేట్టు కనీసం పదిహేను రోజులు నానబెట్టండి. నెలైతే ఇంకా మేలు. తొందరపడి వాడితే సగం చల్లారిన పలుకులు గోడలో ఉండి, నెల తరువాత ఉబ్బి బొటనవేలంత గుంటలు చేసి రాలిపడతాయి. పాత ఇండ్ల రిపేరీల్లో నూటికి ఎనభై గొడవలు ఇక్కడే.

మొదటి పూత 12 మిల్లీమీటర్లు. ఈ పలకకు నాలుగున్నర లీటర్ల గార పడతాది, వృథా కలిపి ఐదున్నర అనుకోండి. ఇసుక ఐదు లీటర్లు, సున్నపు ముద్ద రెండు లీటర్లు. రెండూ కలిపితే ఏడు రాదు, ముద్ద ఇసుక సందుల్లో కూర్చుంటాది. హంద్రీ ఇసుకైతే మట్టి పోయేదాకా కడగాల. సీసాలో ఇసుక, నీళ్లు పోసి ఊపి పెట్టండి, పైన తేరే మట్టి పొర మొత్తంలో ఇరవయ్యో వంతు దాటితే మళ్లీ కడగండి. సముద్రపు ఇసుక తగలనియ్యొద్దు, ఉప్పు తెల్లగా బయటికి పూస్తాది.

కరక్కాయ, బెల్లం నీళ్లు చాలామంది గుప్పెడు గుప్పెడు వేస్తారు. లీటరు నీళ్లకు కరక్కాయ పొడి 20 గ్రాములు, బెల్లం 20 గ్రాములు, మూడు రోజులు నానబెట్టి వడకట్టిన నీళ్లు చాలు. బెల్లం ఎక్కువైతే గార గట్టిపడదు, చీమలు పడతాయి.

ఇటుకను ముందు బాగా తడపాల, లేకపోతే అది గారలో నీళ్లు పీల్చేసి పూత పొడిపొడిగా రాలుతాది. పూసినాక తడి గోనెపట్టా కప్పి వారం నుంచి పది రోజులు నీడలోనే పెట్టండి. మన కర్నూలు గాలికి మధ్యాహ్నానికే ఆరిపోయి జల్లెడ మాదిరి నెర్రెలిస్తాది, అందుకే దీన్ని వానాకాలం చివర చేయండి. రెండో పూత 3 మిల్లీమీటర్లు, ముద్ద ఒక పాలు, సన్న ఇసుక ఒక పాలు. ఆఖరున మిల్లీమీటరు మందాన పాలరాతి పొడి కలిపిన ముద్ద, నున్నటి రాతితో రుద్దాల. ఒక్కసారి రుద్ది వదలొద్దు, చెమ్మ పైకి తేలినప్పుడల్లా తుడిచి మళ్లీ రుద్దాల, మెరుపు వచ్చేదాకా.

పలకను మెట్లు మెట్లుగా పూయండి: కింద అర్ధ అడుగు ఉత్త ఇటుక, పైన మొదటి పూత, దాని పైన రెండోది, అన్నిటికంటే పైన మెరుగు. చూసేవాళ్లు వేలితో రాసి తేడా పట్టుకోవచ్చు.

పాతకోట (కర్నూలు)

పక్కన సిమెంటు పూసిన ఇంకో చిన్న పలక కూడా పెట్టమనండి. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోతాది, ఇటుక లోపల్లోపల పిండి అవుతాది, పైకి మాత్రం గోడ కొత్తగా కనిపిస్తాది. పాత కట్టడాలను చెడగొట్టేది తుపాన్లకంటే ఈ పూతే.

సున్నపుబట్టీ (బేతంచెర్ల)

పెట్టొచ్చు. కాకపోతే పలక మీద రెండు నెలల్లో ఆ తేడా కనపడదు. రెండింటి మీదా చెంచాడు నీళ్లు పోసి చూపించండి, సున్నం పీలుస్తాది, సిమెంటు మీద జారిపోతాది.

తేదీలపిచ్చోడు (నంద్యాల)

ఆఖరి పోస్టర్ గురించి ఒక మాట. యానాంలో 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఫ్రెంచి పాలన కూలింది. ఆ రోజు ఆంధ్ర రాష్ట్ర రాజధాని ఏది? మన కర్నూలే. 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు ఆఖరు దాకా. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు. అంటే చుట్టూ ఉన్న రాష్ట్రాన్ని కర్నూలు నుంచి ఏలుతున్న రోజుల్లో, నడుమ ఉన్న ఆ ముక్క ఫ్రాన్సు చేతి నుంచి జారింది. 1751లో బూసీ కర్నూలు పట్టుకున్న పోస్టర్‌తో మొదలుపెట్టి దీంతో ముగించండి.

హంద్రీగట్టు (కర్నూలు)

దీనికి వ్యాఖ్య ఇట్ల రాసినాము, చూడండి: ‘1954 జూన్ 13న యానాం భారతదేశంలో విలీనమైంది. అప్పటి రాజధాని కర్నూలు.’

తేదీలపిచ్చోడు (నంద్యాల)

రెండు వాక్యాల్లోనూ తప్పుంది. జూన్ 13న యానాంలో అధికారం పోయింది, అంతే. అక్టోబరు 18న పాండిచ్చేరి దగ్గర కీళూరులో 178 మంది ప్రతినిధులు ఓటేసినారు, 170 మంది విలీనానికి అనుకూలం, 8 మంది వ్యతిరేకం. పాలన చేతులు మారింది నవంబరు 1న. ఒప్పందం మీద సంతకాలు 1956 మే 28. ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం ఆలస్యమై, చట్టపరంగా భారత్‌లో చేరింది 1962 ఆగస్టు 16. రెండో వాక్యంలో ‘అప్పటి రాజధాని’ అంటే యానాం రాజధాని అనుకుంటారు, ‘అప్పటి ఆంధ్ర రాష్ట్ర రాజధాని’ అనాల.

హంద్రీగట్టు (కర్నూలు)

మార్చినాము: ‘1954 జూన్ 13: యానాంలో ఫ్రెంచి అధికారం కూలింది. 1954 నవంబరు 1: పాలన భారత్ చేతికి. 1962 ఆగస్టు 16: చట్టపరంగా విలీనం. 1954లో ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలు.’ గడ్డ సున్నం రేపే తెప్పిస్తున్నాము. ప్రయాణం జనవరి, సోమవారం రాత్రి రైలు ఎక్కి మంగళవారం సంతకు.

డోన్‌జంక్షన్

సోమవారం రాత్రి ఎక్కితే సామర్లకోటలో దిగేసరికే తెల్లారిపోయి ఉంటాది, ఏడింటికి ఫెర్రీ రోడ్డు అందదు. ఆదివారం రాత్రి ఎక్కి సోమవారం సామర్లకోటలో దిగి, ఆ రాత్రికి కాకినాడలో పడుకోండి.